నడిపేవాడు అన్న మాటకి అర్థాలు

బుకారెస్ట్,
9 ఫిబ్రవరి 1986

ప్రియమైన నిస్తోర్ అన్నయ్యా,

వర్వారా వదిన పంపిన పుట్టగొడుగుల ఊరగాయ, పంది కొవ్వు చెడకుండా అందాయి. చేతి తొడుగులు వేసుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఆఫీసులో కూడా అందరం కోట్లతోనే కూర్చుంటున్నాం. నిన్న సిరా గడ్డ కట్టింది.

నీతో ఒక పని పడింది. ఈ ఏడాది మా నిఘంటువు పని 'సి' (C) అక్షరంలో నడుస్తోంది. నాకిచ్చిన కట్టలో నీ వృత్తి మాట వచ్చింది. కొందుకతోర్, నడిపేవాడు. నీ లైసెన్సు మీద ఉన్న మాటే. పాత నిఘంటువుల్లో దీనికి ఆరు అర్థాలు ఇచ్చారు: మందని నడిపేవాడు, పెళ్ళి నడిపేవాడు, బండి నడిపేవాడు, ఇంకా అలాంటివి. చిట్టచివర దేశాన్ని నడిపేవాడు. ఇప్పుడు నా బల్ల మీదున్న ఉదాహరణలు నాలుగు వందల పన్నెండు. వాటిలో నాలుగు వందలు పత్రికల్లోంచి కత్తిరించినవి, అన్నీ ఒకే మనిషి గురించి, ఇప్పుడు దేశాన్ని నడుపుతున్నాయన గురించి. మిగతా పన్నెండు ఎప్పుడో చచ్చిపోయిన రచయితలవి. బతికున్న మామూలు మనుషులు ఈ మాటని ఎలా వాడుతున్నారో చెప్పే చీటీ ఒక్కటీ లేదు.

నువ్వు రోజుకి రెండుసార్లు పోయానా నుంచి పట్నానికి బస్సు నడుపుతావు. నీ వెనక నలభై మంది కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరి నోటనైనా ఈ మాట వస్తే ఒక పుస్తకంలో రాసి పెట్టు. వాక్యం ఒక్కటే రాస్తే చాలదు. అన్నవారి పేరు, వయసు, ఊరు, తేదీ ఉండాలి. అవి లేకపోతే మా దగ్గర దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోరు.

వదినకి నా ముద్దులు.

నీ చెల్లి,
జంఫీర

*

పోయానా,
23 మార్చి 1986

చెల్లి జంఫీరకి,

మేం కులాసా. నీ పని మొదలుపెట్టాను. నీలం అట్ట పుస్తకం ఒకటి కొని సీటు కింద పెట్టుకున్నాను. బండి ఆగినప్పుడల్లా రాస్తున్నాను. ఇప్పటికి పదిహేడు అయ్యాయి. కొన్ని ఇక్కడ రాస్తాను.

అనిసియా ముసలమ్మ, ఎనభై ఒకటి, పోయానా, 2 మార్చి: "నా మందని నడిపేది పొట్టేలనుకున్నావా? కుంటి మేకరా! అది ఆగిందంటే పొట్టేలు కూడా ఆగాల్సిందే."

సావిన్ అనే కట్టెల మిల్లు కూలీ, ముప్పై నాలుగు, 8 మార్చి: "పెళ్ళి నడిపేవాడే ముందు తాగి పడ్డాడు. ఊరేగింపంతా పెళ్ళికూతురి ఇల్లు దాటి చర్చి గోడ దాకా పోయింది."

వర్వారా, నలభై ఒకటి, మా వంటింట్లో, అదే రోజు: "నువ్వు బస్సు నడిపేవాడివే. ఇంటిని నడిపేవాడివి మాత్రం కాదు."

తన వయసు రాసినందుకు మీ వదిన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

పదకొండో తారీకున బండి ఎగువ మలుపులో ఆగిపోయింది. డీజిలు పైపు గడ్డకట్టింది. గంటన్నర అందరం చలిలో కూర్చున్నాం. మన కాసియన్ మాస్టారు ముందు సీట్లో ఉన్నారు, పట్నంలో లాటిన్ పాఠానికి వెళ్తూ. నా తల మీద వేలాడే బోర్డు చదివి ఒక మాటన్నారు. బస్సంతా నవ్వింది. వెనక కోళ్ళబుట్టతో కూర్చున్నామె కూడా నవ్వింది. అది ఉత్తరంలో రాయను. పుస్తకంలో ఉంది, వచ్చినప్పుడు చదువుదువుగాని.

మీ అన్న,
నిస్తోర్

*

బుకారెస్ట్,
14 ఏప్రిల్ 1986

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం భోజనం వేళ నా పక్కబల్ల ఆమెకి చదివి వినిపించాను. కుంటి మేక దగ్గర ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. నీకు తెలియకుండానే మంచి పని చేశావు. నాలుగు వందల చీటీలు చెప్పలేనిది అనిసియా అవ్వ ఒక్క ముక్కలో చెప్పింది.

నేను ఈ మాట గురించి చాలా ఆలోచించాను. ఇందులో వెంట ఇంకెవరో ఉండటం అనేది ఇమిడి ఉంది. ఒంటరిగా పోయేవాడు నడిచేవాడే కానీ నడిపేవాడు కాడు. కాబట్టి అర్థం రాసేటప్పుడు ముందున్నవాడితో మొదలుపెట్టకూడదు, వెనకున్నవాళ్ళతో మొదలుపెట్టాలి. మా విభాగం పెద్ద కామ్రేడ్ పురిచెకి ఇదే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"జంఫీరా, నువ్వు తెలివైనదానివి. అందుకే చెప్తున్నా, ఈ మాటకి తెలివి అక్కర్లేదు" అంది.

మొదటి అర్థం ఏమిటో పైనుంచి రాసొస్తుందట. బండి నడిపేవాడు అన్న అర్థం ఉండాలా వద్దా అన్నది కూడా. ఉండాలని నేను పట్టుబట్టాను. నీ పదిహేడు వాక్యాలే నాకు బలం. పుస్తకం పోస్టులో వెయ్యకు. ఈస్టర్‌కి వచ్చి నేనే తీసుకుంటాను. కాసియన్ మాస్టారి మాట వినాలని ఆత్రంగా ఉంది. మాటల మీద నాకు పిచ్చి పట్టించింది ఆయనే కదా. పండక్కి రంగేసిన ఎర్రగుడ్లు నా వంతు దాచమని వదినకి చెప్పు.

నీ చెల్లి,
జంఫీర

*

పోయానా,
2 జులై 1986

చెల్లి జంఫీరకి,

ఈస్టర్‌కి నీకు సెలవివ్వలేదని తెలిసింది. మేం బాగున్నాం. గడ్డి కోత మొదలైంది.

ఆ పుస్తకం పోయింది. వంతెన దగ్గర టైరు మారుస్తుంటే కోటు జేబులోంచి జారి ఏట్లో పడింది. నీళ్ళు వడిగా ఉన్నాయి, దొరకలేదు. ఇక రాయను. నాకు కుదరదు. బండి నడిపేటప్పుడు చెవులు రోడ్డు మీద ఉండాలి, జనం మీద కాదు.

కాసియన్ మాస్టారిని మే నెలలో పట్నం తీసుకెళ్ళారు. పన్నెండు రోజులు ఉంచారు. తిరిగొచ్చారు. పాఠాలు చెప్పకూడదన్నారు. మంగళవారం, శుక్రవారం పట్నం వెళ్ళి సంతకం పెట్టాలి. బస్సులో అన్న మాటని ఎవరో చేరవేశారని ఊళ్ళో అంటున్నారు.

వర్వారా నిన్ను అడిగింది.

నిస్తోర్

*

బుకారెస్ట్,
20 సెప్టెంబర్ 1986

ప్రియమైన అన్నయ్యా,

పుస్తకం పోయినందుకు బాధపడకు. అందులోని మూడు వాక్యాలు నీ ఉత్తరంలో ఉన్నాయి, అవి చాలు. నిజానికి అవీ అక్కర్లేకపోయాయి. మా పదానికి తీర్పు వచ్చేసింది. ఇక ఒకటే అర్థం, దేశాన్ని నడిపేవాడు. దానికి పదకొండు ఉదాహరణలు. బండి నడిపేవాణ్ణి తీసేశారు. మేక, పెళ్ళి సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను సంతకం పెట్టాను. పెట్టనని ఒక పూట కూర్చున్నాను, మధ్యాహ్నానికి పెట్టాను. గొప్పలు చెప్పుకోడానికి ఏమీ లేదు.

మాస్టారి సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. ఆయనకి ఉత్తరం రాస్తే ఇంకా ఇబ్బందని రాయలేదు. వదిన చీటీ అందింది. ఆయన పట్నానికి నీ బస్సెక్కడం మానేసి నడిచి వెళ్తున్నారని రాసింది. పదకొండు కిలోమీటర్లు పోనూ, పదకొండు రానూ! ఆ వయసులో! నువ్వెందుకు ఎక్కించుకోవడం లేదు? ఆయనకి నీమీద కోపం ఎందుకుంటుంది, చెప్పు?

ఆ రోజు బస్సులో ఎవరెవరున్నారో నీకు తెలుసు. చేరవేసింది ఎవరో కనిపెట్టగలిగితే కనిపెట్టు. ఏమీ చెయ్యలేం, తెలుసు. కనీసం వాడి ముందు నోరు జారకుండా ఉండొచ్చు కదా.

నీ చెల్లి,
జంఫీర

*

పోయానా,
18 జనవరి 1988

చెల్లి జంఫీరకి,

నీ ఉత్తరాలు మూడూ చేరాయి. జవాబు రాయకపోవడం నాదే తప్పు. ఆరోగ్యం బాగానే ఉంది. వర్వారాకి మోకాలి నొప్పి. మంచు ఈసారి కిటికీల దాకా పడింది.

మాస్టారిని ఎక్కించుకోవడం లేదని అన్నావు. మంగళవారం, శుక్రవారం ప్రతిసారీ ఆపుతాను. ఆపి తలుపు తీస్తాను. మొన్న మంచు తుఫానులో కూడా ఆపాను. ఆయన గడ్డం తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఎక్కండి మాస్టారూ, దయచేసి ఎక్కండి" అన్నాను.

"నా ఒంటికి నడక మంచిదిరా. నువ్వు పో, జనానికి ఆలస్యమవుతుంది" అన్నారు.

తలుపు మూసి బండి కదిలించాను. ఇప్పుడు నా బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

చేరవేసింది ఎవరని నన్ను మళ్ళీ అడగకు. తెలిసి ఏం చేస్తావు?

నిస్తోర్

*

బుకారెస్ట్,
11 ఫిబ్రవరి 1990

ప్రియమైన అన్నయ్యా,

దేశాన్ని నడిపేవాణ్ణి దించేసిన డిసెంబరు కాల్పుల తర్వాత మేం ఉండే వీధిలో గాజు పెంకులు ఊడ్చేశారు. గోడల మీద గుండ్ల గుంటలు అలాగే ఉన్నాయి. నాకేమీ కాలేదు, వదినని కంగారు పడవద్దని చెప్పు. నిన్న క్యూలో నిలబడకుండా నారింజ పళ్ళు కొన్నాను. బజారులో నిలబడే రెండు తినేశాను.

ఆఫీసులో వింత చూడు. పురిచె గారు ఉద్యోగం మానేసింది. కొత్తగా వచ్చిన పెద్ద లుపాషు గారు మొదటి రోజే నా పదం తెప్పించుకున్నాడు. పదకొండు ఉదాహరణల మీదా అడ్డంగా గీత కొట్టాడు.

"ఇరవై ఏళ్ళు ఈ మాట విని చెవులు చిల్లులు పడ్డాయి. ఇక దీన్ని బస్సులవాళ్ళకి ఇచ్చెయ్యండి" అన్నాడు.

అప్పుడు బండి నడిపేవాణ్ణి తీసెయ్యమన్నారు, ఇప్పుడు వాడొక్కణ్ణే ఉంచమంటున్నారు. రెండూ ఉండాలండీ అన్నాను. మేక కూడా ఉండాలన్నాను. మాట చేసిన తప్పేముంది, దాన్ని ఒకడి మెడలో వేసినవాళ్ళని అడగాలి గానీ అన్నాను. సరే, సాక్ష్యం తెమ్మన్నాడు.

కాబట్టి మళ్ళీ నీ దగ్గరికే వచ్చాను. కాసియన్ మాస్టారు ఆ రోజు బస్సులో ఏమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని నిఘంటువులో వేద్దామనుంది, ఆయన పేరుతో సహా. ఆ మాట అన్నందుకు ఆయన పడ్డదానికి ఇదే నేను చెయ్యగలిగింది. నేనడిగానంటే మొహమాటానికి ఒప్పుకుంటారు, ఆయన దగ్గరికి వెళ్ళి అది చెప్పకుండా, మామూలుగా ఒప్పుదల తీసుకో. తర్వాత నేను ఆయనకి స్వయంగా రాస్తాను. ఇప్పుడు భయం లేదు కదా.

నీ చెల్లి,
జంఫీర

*

పోయానా,
19 మార్చి 1990

చెల్లి జంఫీరకి,

నెల రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపుతున్నాను. ఇవాళ ముగించే లేస్తాను.

పుస్తకం ఏట్లో పడలేదు. ఎనభై ఆరు ఏప్రిల్ చివర్లో డిపోలో బళ్ళు తనిఖీ చేశారు. సీటు కింద నీలం పుస్తకం దొరికింది. మర్నాడు పట్నంలో రహస్య పోలీసుల మేడ మీద గదికి రమ్మన్నారు. అక్కడున్నవాడు కుర్రాడే, మర్యాదగా కుర్చీ చూపించాడు. పుస్తకం వాడి ముందుంది. ఒక్కో పేజీ తిప్పుతున్నాడు.

"ఎవరి కోసం రాశావు ఇదంతా?" అన్నాడు.

నీ ఏప్రిల్ ఉత్తరం నా కోటు లోపలి జేబులో ఉంది. నీ చిరునామాతో సహా. మొదటి అర్థం పైనుంచి వస్తుందని, ముందున్నవాడితో మొదలుపెట్టకూడదని నువ్వు రాసిన ఉత్తరం. నిఘంటువు కోసమంటే ఏ నిఘంటువు అంటాడు. చెల్లెలంటే పేరడుగుతాడు. జేబులు చూస్తాడు. నాకు ఇంకేమీ తోచలేదు.

"మీ కోసమేనండి. పూర్తయ్యాక మీకిద్దామని" అన్నాను.

వాడు నన్ను కాసేపు చూసి నవ్వాడు.

"నిస్తోర్ గారూ, మావాళ్ళలో ఒక్కడు కూడా ఇంత పద్ధతిగా రాయడండీ! పేరు, వయసు, ఊరు, తేదీ! ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండి."

జేబులు చూడలేదు. కాఫీ తెప్పించాడు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మిగతా వాక్యాలేవీ వాడికి అక్కర్లేదు, ఒక్కదాని కింద ఎర్ర పెన్సిల్‌తో గీశాడు. అది ఏ వాక్యమో నీకు తెలుసు. నేను రాసిందే కాబట్టి కాదనడానికి లేకపోయింది.

ఆ తర్వాత మొన్న డిసెంబరు దాకా నెలకోసారి, మొదటి గురువారం, ఆ మేడ మెట్లెక్కాను. వానలు, గొర్రెలు, బూట్లు దొరకడం లేదన్న గొడవ, ఇవే చెప్పేవాణ్ణి. ప్రతిసారీ చివర్లో ముసలాయన ఏమంటున్నాడని అడిగేవాడు. ఆయన నా బస్సెక్కడం లేదండి అనేవాణ్ణి. అది నిజమే కాబట్టి వాడూ ఏమీ అనలేకపోయేవాడు.

నీ ఉత్తరం వచ్చాక ఆదివారం చర్చి అయిన తర్వాత మాస్టారింటికి వెళ్ళాను. పెరట్లో కట్టెలు చీలుస్తున్నారు. గొడ్డలి తీసుకోబోతే ఇవ్వలేదు.

"మాస్టారూ, ఆ పుస్తకం నాది" అన్నాను.

"తెలుసు. ఆ పన్నెండు రోజుల్లో నాకు ఆ పేజీ ఎన్నిసార్లు చూపించారనుకున్నావు? నీకు రాత నేర్పింది నేనేగా. పెద్దక్షరాలకి ఇప్పటికీ తోకలు పెడతావు."

నేను మొద్దు మీద కూర్చున్నాను.

"అందుకేనా ఎక్కలేదు నాలుగేళ్ళు? నా మీద కోపంతో?"

"మొదట్లో కోపమే. ఎందుకుండదు? నీ తలుపు నీ మొహం మీదే వేసెయ్యాలనిపించేది. తర్వాత తర్వాత నీ మొహం చూడటం మొదలుపెట్టాను. నెలలో మొదటి శుక్రవారం నువ్వు తలుపు తీసినప్పుడు జబ్బు మనిషిలా ఉండేవాడివి. ముందు రోజు ఎక్కడికి వెళ్ళొస్తున్నావో నాకు అర్థమైంది. నేనూ ఆ మేడ ఎక్కి దిగేవాణ్ణే కదా!"

"మరి?"

"మరేముంది? నేనెక్కితే నువ్వు పలకరిస్తావు. నా నోరు ఊరుకోదు, అది నా జబ్బు. ఏదో ఒకటి అంటాను. గురువారం వాళ్ళు నిన్నడుగుతారు. నువ్వు చెప్పాలి, లేదా అబద్ధమాడాలి. నీకు చిన్నప్పుడు బడిలో కూడా అబద్ధమాడటం రాలేదు, చెవులు ఎర్రబడేవి. నేను ఎక్కకపోతే నీ దగ్గర చెప్పడానికే ఏమీ ఉండదు కదరా."

అంత మంచులో ఆయన నడిచింది నా కోసం, జంఫీరా. ఆయన ఇంకో నాలుగు కట్టెలు చీల్చారు.

నిఘంటువు సంగతి అడిగాను. నువ్వు చెప్పినట్టే, నీ పేరు లేకుండా, బుకారెస్ట్‌లో ఎవరో ఉదాహరణలు పోగుచేస్తున్నారట అన్నాను. నవ్వి, వేసుకోమను అన్నారు. వయసు మాత్రం అప్పటిదే వెయ్యాలట, అరవై ఎనిమిది. ఆ వాక్యం ఇది. బోర్డు మీద 'బండి కదులుతుండగా నడిపేవారితో మాట్లాడరాదు' అని ఉంటుంది. ఆయన అది బస్సంతటికీ వినిపించేలా చదివి ఇలా అన్నారు: "కదులుతున్నప్పుడు కదా వద్దన్నారు! బండి ఆగిపోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడన్నా నడిపేవాణ్ణి ఒక మాట అడగొచ్చా?"

ఆ పుస్తకం ఎవరి కోసం రాశానని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. నీ పేరు ఇంతవరకూ ఎక్కడా అనలేదు, వర్వారాతో కూడా. ఇక ముందూ అనను. ఇది చదివి చించెయ్.

మాస్టారికి ఇప్పుడు సంతకం పెట్టే పని లేదు. అయినా మంగళవారం పట్నానికి నడిచే వెళ్ళారు. అలవాటైపోయిందట.

నీ అన్న,
నిస్తోర్

*

బుకారెస్ట్,
2 ఏప్రిల్ 1990

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం చించలేదు.

లుపాషు గారితో మాట్లాడాను. పదానికి ఆరు అర్థాలూ ఉంటాయి, దేశాన్ని నడిపేవాడు ఎప్పటిలా ఆఖరున. మేక, పెళ్ళి, వదిన మాట వేస్తున్నాను. మాస్టారి వాక్యం ఇవ్వలేదు. ఎవరో అడుగుతున్నారని నమ్మి ఆయన ఇచ్చిన ఒప్పుదల చెల్లదు. ఆ ఎవరో ఎవరన్నది ఆయనకి తెలియాలి.

తప్పంతా నీదే అన్నట్టు రాశావు. పేరు, వయసు, ఊరు, తేదీ లేకపోతే సాక్ష్యంగా ఒప్పుకోరని నీకు రాసింది నేను. ఎవరు చేరవేశారో కనిపెట్టమని నిన్ను వెంటబడి అడిగింది కూడా నేనే. ఎక్కించుకోవడం లేదేమని నిన్ను నిలదీశాను కూడా. నువ్వు ఒక్కసారి కూడా ఎదురు రాయలేదు.

శనివారం రైలుకి వస్తున్నాను. పట్నంలో దిగి నీ బస్సులోనే పోయానాకి వస్తాను, కానీ మాస్టారింటికి మాత్రం నువ్వు నాతో రావద్దు. నా పేరు నాలుగేళ్ళు దాచావు. ఇక దాన్ని నేనే చెప్పుకోవాలి. ఆయన తలుపు వేసెయ్యవచ్చు, ఆ హక్కు ఆయనకుంది. తెరిచి ఉంచితే ముందుగా అనాల్సిన మాట రాసుకున్నాను: "మాస్టారూ, అలా రాయమని అన్నయ్యకి చెప్పింది నేను." మూడుసార్లు కొట్టేసి మళ్ళీ అదే రాశాను. పద్నాలుగేళ్ళుగా మాటలతోనే బతుకుతున్నాను, ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

జరిగిందంతా వదినకి నువ్వే చెప్పు, నేను వచ్చేలోగా.

నీ చెల్లి,
జంఫీర